ఇంగ్లండ్ పల్లెటూరి పారిష్ రికార్డుల్లో ఒక ఇంటినీ ఒక కుటుంబాన్నీ వెతకడం ఎలా

మా ఊరు డెర్బీషైర్ కొండల్లో ఉంటుంది. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక బడి, మిగతాదంతా గొర్రెలు. నాలుగేళ్ల కిందట మా అబ్బాయికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు: మీరుంటున్న ఇంట్లో వందేళ్ల కిందట ఎవరుండేవాళ్లో కనుక్కుని రండి అని. వాడు రెండు వారాల్లో ఒక చార్టు అంటించి చేతులు దులిపేసుకున్నాడు. నేను మాత్రం ఇంకా ఆ పనిలోంచి బయటపడలేదు. ఇప్పుడు 1700ల్లో ఎక్కడో తిరుగుతున్నాను.

ఇంగ్లండ్‌లో పాత ఊళ్లలో ఇళ్లు తీసుకుంటున్న తెలుగువాళ్లు నాకే చాలామంది తెలుసు. పిల్లల చదువు కోసమో, సరదాకో, మన వైపు పనిచేసిన ఏ దొరగారి పుట్టుపూర్వోత్తరాలో తెలుసుకోడానికో మీరూ ఈ రికార్డుల్లోకి దిగాలనుకుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ కాలు జారుతుందో చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా మాకు దగ్గర్లో ఉన్న ఈమ్ అనే ఊరివి. ఆ పేరు స్పెల్లింగ్ చూస్తే 'ఇయామ్' అని చదవబుద్ధేస్తుంది, కానీ ఇక్కడ అందరూ ఈమ్ అంటారు.

దిగేముందు ఒక అలవాటు చేసుకోండి. ఏ పాత కాగితం చేతికొచ్చినా, దీన్ని ఎవరు రాశారు, ఎవరి డబ్బు కోసం రాశారు అని అడగండి. మన కరణాల లెక్కలు శిస్తు కోసం రాసినట్టే, ఇక్కడి కాగితాలు కూడా పన్ను వసూలుకో, పేదవాడి ఖర్చు పక్క ఊరి నెత్తిన రుద్దడానికో, ఆస్తి తగాదా తీర్చడానికో రాసినవే. ఆ సంగతి పట్టుకుంటే అందులో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో సగం ముందే తెలిసిపోతుంది.

ముందు పారిష్ ఏదో తేల్చుకోండి

పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. మన పొలిమేర లాంటిదే గానీ, ఒక పారిష్‌లో రెండు మూడు ఊళ్లు ఉండొచ్చు. పాత ఈమ్ పారిష్‌లో ఈమ్, ఫూలో, ఈమ్ వుడ్‌లాండ్స్ అని మూడు టౌన్‌షిప్‌లు ఉండేవి. ఫూలోలో పుట్టినవాళ్ల కోసం ఫూలో పేరుతో వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు, ఈమ్ చర్చి రిజిస్టర్ తెరిస్తే అక్కడుంటారు. 19వ శతాబ్దంలో చర్చి పారిష్, పంచాయతీ లాంటి సివిల్ పారిష్ విడిపోయాయి. రెండింటి హద్దులూ ఒకటే అనుకుని లెక్క వేస్తే తప్పుతుంది.

ఏ ఊరు ఏ పారిష్‌లో ఉందో జెన్యుకి అనే ఉచిత వెబ్‌సైట్‌లో కౌంటీల (మన జిల్లాల లాంటివి) వారీగా ఉంది. ఆర్డ్నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ గీసిన పాత మ్యాపులు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పేరు స్కాట్లండ్‌దే అయినా ఇంగ్లండ్ మ్యాపులు కూడా అక్కడున్నాయి. మీ ఊరి మ్యాపు ఒకటి ప్రింటు తీసి గోడకి అంటించుకోండి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

ఏ డయోసిస్, అంటే ఏ బిషప్ కిందికి వచ్చే ప్రాంతం అన్నది కూడా రాసిపెట్టుకోండి. డెర్బీషైర్ చాలా కాలం లిచ్‌ఫీల్డ్ బిషప్ కింద ఉండేది. 1884లో సౌత్‌వెల్ కిందికి పోయింది, 1927లో డెర్బీకే సొంత డయోసిస్ వచ్చింది. అందుకని డెర్బీషైర్ ఊరి పాత కాగితాలు కొన్ని పక్కనే, లిచ్‌ఫీల్డ్ ఉన్న స్టాఫర్డ్‌షైర్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కౌంటీ హద్దు చూసి అక్కడే ఆగిపోతే వాటిని ఎప్పటికీ చూడలేరు.

ఈ రోజు నుంచి వెనక్కి నడవండి

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు పాత కాలం నుంచి ముందుకి రావడం. 1650లో మీ ఇంటి పాత యజమాని ఇంటిపేరే ఉన్న ఒకాయన కనపడగానే, ఈయనే ముత్తాతల ముత్తాత అని గీత గీసేస్తారు. నేనూ గీశాను. ఒకే పారిష్‌లో ఒకే పేరున్న జాన్‌లు ముగ్గురు ఉన్నారని తెలిసేసరికి మూడు వారాలు, కొన్న సర్టిఫికెట్ల డబ్బులు రెండూ పోయాయి. తెలిసిన మనిషి నుంచి తెలియని మనిషికి, ఒక్కో తరం వెనక్కి వెళ్లండి.

ఇల్లు వెతుకుతుంటే 1939 రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. యుద్ధం మొదలైన వెంటనే, 1939 సెప్టెంబర్ 29న, గుర్తింపు కార్డులూ రేషనూ కోసం ఇంటింటికీ తిరిగి రాసిన లెక్క ఇది. పుట్టిన తేదీ, వృత్తి ఉంటాయి. ఇంకా బతికి ఉండే వీలున్నవాళ్ల పేర్ల మీద నల్లగీత ఉంటుంది. దాని వెనక జనాభా లెక్కలు. అవి నూరేళ్లు దాటాకే బయటికొస్తాయి కాబట్టి అందుబాటులో ఉన్నవాటిలో చివరిది 1921. 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కే తియ్యలేదు. 1939 రిజిస్టర్‌కి అంత విలువ అందుకే.

1921 నుంచి పదేసి ఏళ్ల చొప్పున 1841 దాకా వెళ్లొచ్చు. 1851 నుంచి వయసు, ఇంటిపెద్దతో చుట్టరికం, పుట్టిన పారిష్ రాశారు. 1841లో చుట్టరికం లేదు, వయసూ పుట్టిన చోటూ సరిగ్గా లేవు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని కిందనున్న అయిదుకి దించి రాశారు, అంటే 34 ఏళ్లవాడు 30 అవుతాడు. పుట్టింది ఈ కౌంటీలోనా కాదా అన్నది మాత్రమే రాశారు. అందుకే 1841 చూసి పుట్టిన సంవత్సరం ఖాయం చేసుకోకండి.

పల్లెటూళ్లలో ఇళ్లకి నంబర్లు ఉండేవి కావు. లెక్కల మనిషి నడిచిన దారే మీకు ఆధారం. పబ్బు, బడి, వికార్ (పాదిరి) ఇల్లు లాంటివి లెక్కల పుస్తకంలో ఎక్కడొచ్చాయో గుర్తు పెట్టుకుని మ్యాపు మీద కలుపుకుంటూ రండి. మా ఇల్లు పబ్బుకి మూడో ఇల్లు. 1881 పుస్తకంలో పబ్బు యజమాని తర్వాత మూడో కుటుంబాన్ని చూసి సంబరపడ్డాను. ఆయన వీధికి అటువైపు నుంచి లెక్క మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది.

పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వం నమోదు చెయ్యడం 1837 జులై 1న మొదలైంది. ఇండెక్సు మూడు నెలలకొకటి: మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ క్వార్టర్లు. జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సైట్‌లో పుట్టుక, చావుల ఇండెక్సు ఉచితంగా వెతకొచ్చు. పుట్టుకల్లో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఇస్తారు, అది బంగారం లాంటి వివరం. సర్టిఫికెట్ కొనేముందు ఆ ఇంటిపేరు సరిపోయిందో లేదో చూసుకుంటే డబ్బు మిగులుతుంది. 1875కి ముందు పుట్టుక నమోదు చేయించకపోతే జరిమానా లేదు కాబట్టి కొందరు పిల్లలు ఇండెక్సులో ఉండరు. అప్పుడు చర్చికి పోవాల్సిందే.

చర్చి రిజిస్టర్లు చదవడం

1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఆజ్ఞ జారీచేశాడు. ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాయాలి, దాన్ని తాళాలు వేసిన పెట్టెలో ఉంచాలి. జనం ఇదేదో కొత్త పన్ను కోసమేనని అనుమానపడ్డారు. 1598లో ఆ కాగితాలన్నీ తోలు పత్రాల పుస్తకాల్లోకి ఎత్తి రాయమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి అన్నారు. ఈ 'ముఖ్యంగా' అన్న మాట పట్టుకుని చాలామంది గుమాస్తాలు అంతకుముందువి వదిలేశారు. మీ ఊరి రిజిస్టర్ 1558లో మొదలైతే కారణం అదే.

రిజిస్టర్‌లో ఎంత వివరం ఉంటుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. మొదట్లో ఒక్క గీత: ఫలానావాడి కొడుకు జాన్‌కి బాప్తిస్మం. తల్లి పేరు ఉండదు. 1754 మార్చి 25 నుంచి హార్డ్‌విక్ చట్టం అమల్లోకొచ్చింది. పెళ్లిళ్లు పారిష్ చర్చిలోనే జరగాలి, మూడు ఆదివారాలు ముందుగా చర్చిలో వివాహ ప్రకటన చదవాలి లేదా లైసెన్సు తీసుకోవాలి. వధూవరులు, సాక్షులు సంతకాలు చెయ్యాలి. చదువు రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు, మన నిశానీ లాగా. ఆ వణికిన గుర్తు చూస్తే మనిషి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. సాక్షుల పేర్లు తప్పకుండా రాసుకోండి. చాలాసార్లు వాళ్లు తోబుట్టువులే అవుతారు.

1813 నుంచి అచ్చు వేసిన పుస్తకాలొచ్చాయి. బాప్తిస్మంలో తల్లిదండ్రుల పేర్లు, ఉండే చోటు, తండ్రి వృత్తి, భూస్థాపనలో వయసు తప్పనిసరి అయ్యాయి. 1837 పెళ్లి రిజిస్టర్లలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు చేరాయి. తల్లుల పేర్లు చేరడానికి ఇంకెన్నాళ్లు పట్టిందో తెలుసా? 2021 మే దాకా.

ఇక కాలు జారే చోట్లు.

అన్నిటికన్నా పెద్దది క్యాలెండర్. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి మనకి అర్థం చేసుకోవడం తేలికే. అంటే రిజిస్టర్‌లో 1665 డిసెంబర్ తర్వాత వచ్చేది 1665 జనవరి. ఇది ఎంత పని చేస్తుందో ఈమ్ విషయంలో చూడండి. ఆ ఊళ్లో ప్లేగు 1665 సెప్టెంబర్‌లో మొదలైంది. రిజిస్టర్‌లో '1665 ఫిబ్రవరి' అని భూస్థాపన కనపడితే, ప్లేగు రాకముందు పోయారనుకుంటాం. నిజానికి అది మన లెక్కలో 1666 ఫిబ్రవరి, ఊరు ప్లేగు మధ్యలో ఉన్నప్పటిది. ఇలాంటి తేదీలు 1665/6 అని రెండు సంవత్సరాలూ వేసి రాసుకోండి, మీ సొంతంగా సరిదిద్ది ఒకటే రాసి పెట్టుకోకండి. 1752లో సెప్టెంబర్ 2 తర్వాత ఏకంగా 14 వచ్చింది. ఆ మధ్య తేదీలతో రిజిస్టర్‌లో ఏమీ ఉండదు, పేజీ చిరిగిందని కంగారుపడకండి.

రెండోది ఖాళీలు. 1640ల్లో అంతర్యుద్ధం, 1653 నుంచి 1660 దాకా నమోదు పని చర్చి చేతిలోంచి తీసేసి ఊరు ఎన్నుకున్న ఒక అధికారికి అప్పగించారు, పెళ్లిళ్లు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక మేజిస్ట్రేట్ ముందు జరిగాయి. చాలా ఊళ్లలో ఆ ఏళ్లు అసలుండవు. కుటుంబం మాయమైపోయిందని నిరాశపడే ముందు ఆ ఏళ్లలో ఊళ్లో ఎవరివైనా నమోదయ్యాయా చూడండి.

మూడోది డబ్బు. 1783 నుంచి 1794 వరకు ప్రతి నమోదుకీ మూడు పెన్నీల స్టాంపు పన్ను వేశారు. నిరుపేదలకి మినహాయింపు. పేరు పక్కన 'పి' అనే అక్షరం కనపడితే పాపర్, అంటే నిరుపేద అని. కొందరు దయగల పాదిరీలు సగం ఊరికి అది తగిలించారు. కొందరు తల్లిదండ్రులు పన్ను పోయేదాకా ఆగి పిల్లలందరికీ ఒకేసారి బాప్తిస్మం ఇప్పించారు. అందుకే బాప్తిస్మం తేదీని పుట్టినతేదీగా రాయకండి. అంతకుముందు, 1678 నాటి చట్టం ప్రకారం శవాన్ని ఉన్ని బట్టలోనే చుట్టాలని, లేకపోతే అయిదు పౌన్ల జరిమానా అని ఉండేది. ఉన్ని వ్యాపారం పెంచడానికి పెట్టిన నియమం. భూస్థాపన పక్కన 'అఫిడవిట్' అని ఉంటే అదన్నమాట. మా ఊరి గొర్రెలకి చచ్చినవాళ్ల మీద కూడా హక్కుండేది.

నాలుగోది పేర్లు. ఊరంతా జాన్, విలియం, థామస్, మేరీ, ఎలిజబెత్‌లే. ఒక బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకి మళ్లీ అదే పేరు పెట్టేవాళ్లు. బాప్తిస్మం దొరికిందని ఆగకండి, ఆ బిడ్డ ఏడాది తిరక్కముందే పోయాడేమో భూస్థాపనల్లో చూడండి. ఈ ఒక్క పని చెయ్యకుండా ఇంటర్నెట్‌లో పెట్టిన వంశవృక్షాలు లెక్కలేనన్ని. మూడేళ్లకే పోయిన పిల్లవాడికి పదిమంది సంతానం ఉన్నట్టు గీసిన చెట్టు నేనే చూశాను.

రాత సంగతి. 1700 దాటాక కాస్త ఓపికుంటే చదవొచ్చు. అంతకుముందుది సెక్రటరీ హ్యాండ్ అనే రాత, మొదట్లో పాము మెలికల్లా ఉంటుంది. కొత్త కాలం నుంచి వెనక్కి చదువుతూ పొండి, కన్ను అలవాటు పడుతుంది. తెలిసిన పదాల్లోంచి ఆ పాదిరి అక్షరాలు ఏరి, ఒక కాగితం మీద వరసగా గీసుకోండి. 1733కి ముందు లాటిన్ ఎదురుకావచ్చు, దానికి పదిపదాలు చాలు: ఫిలియస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, సెపుల్టస్ భూస్థాపన జరిగినవాడు. పేర్లకి కూడా లాటిన్ వేషం వేస్తారు, జేమ్స్ జాకోబస్ అవుతాడు. ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకే పేజీలో రెండు రకాలుగా ఉన్నా కుటుంబం ఒకటే కావచ్చు. చెవికి వినపడినట్టు రాసుకున్న రోజులవి.

రిజిస్టర్ పోయిందంటే కథ అయిపోలేదు. 1598 నుంచి ప్రతి పారిష్ ఏటా ఒక నకలు బిషప్‌కి పంపాలి. వీటిని బిషప్ ట్రాన్‌స్క్రిప్టులంటారు. రిజిస్టర్ ఉన్నా సరే ఇవీ చూడండి, ఒకదానిలో లేని వివరం ఇంకోదానిలో ఉంటుంది. మెథడిస్టులు, క్వేకర్ల లాంటి వేరే సంఘాలవాళ్లయితే వాళ్ల పాత రిజిస్టర్లు చాలావరకు 1837 తర్వాత ప్రభుత్వానికి అప్పగించారు, అవి లండన్‌లో క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పారిష్ పెట్టె: అసలు కథలు ఇక్కడున్నాయి

వంశవృక్షం గీసేవాళ్లు చాలామంది రిజిస్టర్లతో ఆపేస్తారు. నన్నడిగితే రిజిస్టర్ అస్థిపంజరం మాత్రమే, దానికి కండ పట్టేది పారిష్ పెట్టెలోని పేదల కాగితాలతో.

1601 చట్టం ప్రకారం పేదలని పోషించే బాధ్యత పారిష్‌ది. ఊరివాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి, ఓవర్సీర్ అనే ఆయన దాన్ని పంచేవాడు. ఆయన లెక్కల పుస్తకం తెరిస్తే, ఎవరికి చెప్పుల జత, ఎవరికి బొగ్గు, ఎవరి ప్రసవానికి మంత్రసాని, ఎవరి శవపేటికకి ఎంత, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. ధనవంతుడి గురించి వీలునామా ఒక్కటే చెబుతుంది, పేద విధవరాలి గురించి ఈ పుస్తకం పదేళ్ల పాటు వారం వారం చెబుతుంది.

ఊరివాళ్ల పన్ను కదా, పక్క ఊరివాడు వచ్చి తింటే ఊరుకుంటారా? 1662లో సెటిల్‌మెంట్ చట్టం తెచ్చారు. ప్రతి మనిషికీ ఏదో ఒక పారిష్‌లో సెటిల్‌మెంట్ ఉండాలి, కష్టం వస్తే అక్కడే అడుక్కోవాలి. ఒకప్పుడు మన దగ్గర రేషన్ కార్డు ఏ ఊళ్లో ఉంటే బియ్యం ఆ ఊళ్లోనే అన్నట్టు. ఆ హక్కు పుట్టుకతో రావచ్చు, అప్రెంటిస్‌గా చేరితే రావచ్చు, ఏడాదికి పది పౌన్ల అద్దె కడితే రావచ్చు, పెళ్లికాని మనిషి ఒకచోట పూర్తి ఏడాది జీతానికి ఉంటే రావచ్చు. పెళ్లైన ఆడవాళ్లకి భర్త సెటిల్‌మెంటే. ఊరికి భారం కాకూడదని కొందరు రైతులు పాలేర్లని 51 వారాలకే పెట్టుకునేవాళ్లు.

దీనివల్ల పుట్టిన కాగితాలు మూడు రకాలు. సెటిల్‌మెంట్ సర్టిఫికెట్: ఈ కుటుంబం మాదే, అవసరమైతే మేం తీసుకుంటాం అని సొంత పారిష్ రాసిచ్చేది. రిమూవల్ ఆర్డర్: ఈ మనిషిని ఫలానా పారిష్‌కి పంపెయ్యండి అని ఇద్దరు మేజిస్ట్రేట్లు ఇచ్చేది. మూడోది, నాకన్నిటికన్నా ఇష్టమైనది, సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్. పేదవాణ్ని మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశావు, ఎంత జీతం, పెళ్లెక్కడ, పిల్లల పేర్లేంటి అని అడిగి రాసుకున్న వాంగ్మూలం. అరపేజీలో ఒక జీవితం. ఒక మనిషి ఉన్నట్టుండి రిజిస్టర్‌లో ప్రత్యక్షమై ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియకపోతే, ముందు వెతకాల్సింది దీన్నే.

పెళ్లి కాకుండా గర్భవతులైన ఆడవాళ్ల కాగితాలు చదువుతుంటే మనసు పాడవుతుంది. అలా పుట్టిన బిడ్డకి పుట్టిన పారిష్‌లోనే సెటిల్‌మెంట్ వస్తుంది కాబట్టి, నెలలు నిండుతున్న మనిషిని హడావిడిగా హద్దు దాటించేవాళ్లు. తండ్రి ఎవరో చెప్పించి, అతని దగ్గర పోషణ ఖర్చుకి పూచీకత్తు రాయించుకునేవాళ్లు. దీన్ని బాస్టర్డీ బాండ్ అంటారు. బాప్తిస్మం రిజిస్టర్‌లో తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే, ఆ పేరు ఈ బాండ్‌లో దొరకొచ్చు.

1834 తర్వాత పారిష్‌లని యూనియన్లుగా కలిపి వర్క్‌హౌస్‌ల (పేదలని ఉంచి పని చేయించుకునే ఇళ్లు) కింద పెట్టారు. అప్పట్నుంచి కాగితాలు యూనియన్ పేరు మీద ఉంటాయి, ఊరి పేరు మీద వెతికితే దొరకవు.

డెర్బీషైర్‌లో ఇంకో ప్రత్యేకం ఉంది. ఇక్కడ జనాభా లెక్కల్లో గని పనివాడు అని ఉంటే, పీక్ కొండల్లో చాలాసార్లు అది సీసం గని. సీసం గనుల హక్కులు, తగాదాలు బార్‌మోట్ అనే ప్రత్యేక కోర్టులో తేలేవి. మీ వైపు అలాంటి స్థానిక వృత్తి ఏదైనా ఉంటే దానికీ ఓ కాగితాల కట్ట ఉందేమో అడగండి.

ఇల్లు, పొలం

దశమభాగం మనలో క్రైస్తవ కుటుంబాలవాళ్లకి తెలిసిన మాటే. ఇక్కడ పంటలో పదో వంతు చర్చికి వస్తురూపంలో ఇచ్చేవాళ్లు. 1836 చట్టం దాన్ని డబ్బు కిందికి మార్చింది, అందుకోసం ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా పారిష్‌లకి పెద్ద మ్యాపులు గీశారు. ప్రతి పొలానికీ, ఇంటికీ నంబరు, దానికి జతగా ఒక పట్టీ: యజమాని ఎవరు, అనుభవిస్తున్నది ఎవరు, ఆ చెక్క పేరేమిటి, విస్తీర్ణమెంత, ఏం పండుతుంది. మన అడంగల్ లాంటిదనుకోండి. ఇవి ఎక్కువగా 1840 చుట్టుపక్కలవి కాబట్టి 1841, 1851 జనాభా లెక్కలతో పక్కపక్కన పెట్టి చూడండి. మా ఇల్లు ఎవరిదో తేలింది అక్కడే. ఉన్నవాళ్లు వేరు, యజమాని వేరు.

దశమభాగం అప్పటికే ఎన్‌క్లోజర్ (ఉమ్మడి భూములకి కంచె వేసి పంచుకోవడం) పంపకాల్లో రద్దయిపోయిన ఊళ్లకి ఈ మ్యాపు ఉండకపోవచ్చు, అప్పుడు ఎన్‌క్లోజర్ అవార్డు అడగండి. 20వ శతాబ్దానికి 1910 నాటి భూముల విలువ కట్టిన సర్వే ఉంది. దాని ఫీల్డు పుస్తకాలు క్యూలో ఉన్నాయి, గదులెన్నో, కప్పు ఎలా ఉందో కూడా కొన్నిట్లో రాశారు.

వీలునామాల గురించి క్లుప్తంగా: 1858 జనవరి 12 నుంచి ఉన్నవి ప్రభుత్వ ప్రొబేట్ (వీలునామాని కోర్టు ఖాయం చెయ్యడం) ఇండెక్సులో ఏడాది వారీగా వెతకొచ్చు. అంతకుముందువి చర్చి కోర్టుల్లో ఉండేవి. పెద్ద ఆస్తిపరులవి క్యాంటర్‌బరీ కోర్టుకి వెళ్లేవి, అవి క్యూలో ఉన్నాయి. మామూలు రైతువైతే స్థానిక డయోసిస్ కాగితాల్లో చూడండి.

రికార్డ్ ఆఫీసుకి వెళ్లేరోజు

నూరేళ్లు దాటిన రిజిస్టర్లు చర్చిలో ఉండవు. 1978లో చర్చి చేసిన నియమం వల్ల అవి చాలావరకు కౌంటీ రికార్డ్ ఆఫీసులకి చేరాయి. డెర్బీషైర్‌వి మాట్లాక్‌లో ఉన్నాయి. పాపం పాదిరిగారికి ఫోన్ చేసి రిజిస్టర్ చూపించమని అడగకండి, ఆయన దగ్గర ఉండదు.

ముందు ఇంట్లో కూర్చుని చూడగలిగినవన్నీ చూసెయ్యండి. ఫ్యామిలీ సెర్చ్, ఫ్రీ రెగ్, ఫ్రీ బీఎండీ అనే వెబ్‌సైట్లు ఉచితం. డబ్బు కట్టాల్సిన పెద్ద సైట్లు చాలా ఊళ్ల లైబ్రరీల్లో కార్డుంటే ఉచితంగా వాడుకోవచ్చు. ఇండెక్సులో ఉన్నది ఎవరో చదివి టైపు చేసింది మాత్రమే, ఎప్పుడూ అసలు పేజీ బొమ్మ తెరిచి చూడండి. నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ క్యాటలాగులో ఊరి పేరు కొడితే ఏ కాగితం ఏ ఆఫీసులో ఉందో రెఫరెన్సు నంబరుతో వస్తుంది. ఆ నంబర్లు రాసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి.

గుర్తింపు కార్డు, చిరునామా రుజువు పట్టుకెళ్లండి. లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. బ్యాగు లాకర్‌లో. తెల్ల గ్లౌజులు వేసుకోవాలేమో అని నేను టెన్షన్ పడ్డాను, అక్కర్లేదన్నారు, చేతులు శుభ్రంగా పొడిగా ఉంటే చాలు. ఫోన్‌తో ఫొటోలు తియ్యనిస్తారా, దానికి రుసుమెంత అని ముందే అడగండి. ఫొటో తీసే ప్రతిసారీ రెఫరెన్సు నంబరు రాసిన చీటీ కూడా ఫ్రేములో పెట్టండి. రెండు వందల ఫొటోలతో ఇంటికొచ్చి ఏది ఏ పుస్తకంలోదో తెలియక తల పట్టుకున్న మనిషిగా చెబుతున్నాను. వెతికినా దొరకనివి కూడా రాసుకోండి, ఏ పుస్తకం, ఏ ఏళ్లు అన్నది. లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే వెతుకుతారు.

చర్చి ఆవరణలో

ఎండపూట, సూర్యుడు పక్కవాటుగా ఉన్నప్పుడు వెళ్లండి. రాతి మీద అక్షరాలు నీడతోనే తేలతాయి. బ్రష్షుతో రుద్దడం, సుద్ద పుయ్యడం చెయ్యకండి, రాయి పాడవుతుంది.

సమాధిరాయి లేనంత మాత్రాన మనిషి అక్కడ లేడని కాదు, పేదవాళ్లకి రాళ్లెక్కడివి? ఈమ్‌లో ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. లండన్ నుంచి వచ్చిన బట్టలతో ప్లేగు ఒక దర్జీ ఇంట్లో దిగిందని చెబుతారు. ప్లేగు పక్క ఊళ్లకి పాకకుండా 1666లో విలియం మాంపెసన్ అనే పాదిరి, ఆయనకి ముందు పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లని ఒప్పించి హద్దు కట్టుకున్నారు. శవాలని చర్చి దగ్గరికి తేవద్దు, ఎవరివాళ్లని వాళ్లే తమ దొడ్లలో, పొలాల్లో పాతిపెట్టుకోవాలి అనుకున్నారు. 260 మంది పోయారని ఊళ్లో లెక్క. చర్చి ఆవరణలో మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి ఉంది. కానీ ఎలిజబెత్ హాంకాక్ తన భర్తనీ ఆరుగురు పిల్లలనీ ఎనిమిది రోజుల్లో తన చేతులతో పాతిపెట్టిన చోటు చూడాలంటే ఊరవతల రైలీ అనే పొలానికి నడవాలి. అక్కడ చిన్న గోడ కట్టి ఉంది, దాని లోపల రాళ్లున్నాయి. నేను వెళ్లిన రోజు గొర్రెలు ఆ గోడకి ఆనుకుని పడుకున్నాయి.

మన వైపుకి దారితీసే కాగితాలు

ఇంగ్లండ్ పల్లెటూళ్లలో బాప్తిస్మం అయ్యి, తర్వాత ఇక్కడి పుస్తకాల్లోంచి మాయమైపోయిన యువకులు చాలామంది ఈస్టిండియా కంపెనీలో చేరినవాళ్లు. మచిలీపట్నంలో కంపెనీ 1611లోనే దుకాణం తెరిచింది. అలాంటివాళ్ల పెళ్లిళ్లు, పిల్లల బాప్తిస్మాలు, భూస్థాపనల నకళ్లు మద్రాసు నుంచి లండన్‌కి పంపేవాళ్లు. 1698 నుంచి ఉన్న ఆ వరస బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 కింద ఉంది. మన కోస్తా, సీమ జిల్లాల కంటోన్మెంట్లు కూడా ఆ మద్రాసు వరసలోకే వస్తాయి. ఫిబిస్ అనే సంఘంవాళ్లు బ్రిటిష్ ఇండియా కుటుంబాల ఇండెక్సు ఉచితంగా పెట్టారు, మొదట అక్కడ చూడండి.

చేతికి పని చెప్పి నేర్చుకోవాలంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో మొదలుపెట్టండి. ఆయన 1899 జులై 24న సర్రేలోని డోర్కింగ్‌లో పోయారు. జులై అంటే సెప్టెంబర్ క్వార్టర్. జనరల్ రిజిస్టర్ ఆఫీస్ చావుల ఇండెక్సులో డోర్కింగ్ జిల్లా, వయసు 96 అని పెట్టి వెతకండి. తర్వాత 1899, 1900 ప్రొబేట్ ఇండెక్సు, 1891, 1881 జనాభా లెక్కలు, పక్కింట్లో ఎవరున్నారో కూడా. 1803లో పుట్టినవాడు కాబట్టి పుట్టుకల ఇండెక్సులో ఉండడు, బాప్తిస్మం కోసం రిజిస్టర్‌లోకి దిగాలి. అక్కడికి చేరేసరికి, పైన చెప్పినవాటిలో సగం మీ చేత్తో చేసేసి ఉంటారు. సర్రే పారిష్ కాగితాలు వోకింగ్‌లోని సర్రే హిస్టరీ సెంటర్‌లో ఉన్నాయి. వెళ్లేటప్పుడు పెన్సిల్ మర్చిపోకండి.